డెల్టా పిల్లల ఒళ్ళు బాక్సింగ్‌కి పనికిరాదా? తెలిసినవాళ్ళు చెప్పండి

లంకరైతు:
అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం వైపు లంక గ్రామం, కొబ్బరి, అరటి సాగు. మా అబ్బాయికి పదిహేనేళ్ళు, ఐదడుగుల ఏడంగుళాలు, 54 కిలోలు. రెండేళ్ళుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. చీకటితోనే లేచి రేవు దాటి బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ప్రాక్టీసు అయ్యాక అటు నుంచి అటే స్కూలుకి పోతాడు. మొన్న వేరే జిల్లాలో పోటీకి తీసుకెళ్తే మొదటి బౌట్‌లోనే ఓడిపోయాడు. ఓడినందుకు నాకు బాధ లేదు. బయటికొస్తుంటే అక్కడి కోచ్ ఒకాయన వాడి మణికట్టు పట్టుకుని చూసి, మీ గోదావరి పిల్లలు తెల్లన్నం తిని పెరుగుతారు, ఎముక సన్నం, ఇది రొట్టెలు తిని పాలు తాగే హర్యానా వాళ్ళ ఆట, చదువు చూసుకోమనండి అన్నాడు. అప్పట్నుంచి వాడు అన్నం దగ్గర కూర్చుంటే సరిగ్గా తినడం లేదు. వాళ్ళమ్మ రెండు రోజులు రొట్టెలు చేసి పెట్టింది. నాకు ఈ ఆట గురించి తెలిసింది తక్కువ. ఓదార్పు మాటలు వద్దండి, నిజం చెప్పండి. ఒళ్ళు అడ్డమైతే ఇప్పుడే మాన్పించేస్తాను.

పీఈటీ మాస్టారు:
ముందు ఆ రొట్టెలు ఆపమనండి అమ్మగారిని. మణిపూర్‌లో ఏం తింటారు? అన్నం, చేపలు. మేరీ కోమ్ అక్కడి కౌలు రైతుల బిడ్డ, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు. ఆమెకి దారి చూపించిన డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు, ఆయనదీ మణిపూరే. టోక్యో ఒలింపిక్స్‌లో కంచు తెచ్చిన లవ్లీనా అస్సాం అమ్మాయి, అక్కడా అన్నం చేపలే. థాయిలాండ్‌కి ఒలింపిక్స్‌లో వచ్చిన మొట్టమొదటి బంగారు పతకం 1996లో బాక్సింగ్‌లోనే. ఫిలిప్పీన్స్ వాళ్ళు టోక్యోలో బాక్సింగ్‌లోనే మూడు పతకాలు పట్టుకెళ్ళారు. వీళ్ళందరూ మనలాగే అన్నం తిని పెరిగినవాళ్ళు. అన్నం తినడం తప్పు కాదండి, పప్పూ గుడ్డూ చేపా లేకుండా ఒట్టి అన్నం తినడం తప్పు. లంకలో ఉన్నవాళ్ళకి చేపలకేం కొదవ.

పాలకొల్లు కుర్రాడు:
మాస్టారూ, మీ మాట కాదనను గానీ ఒక్క విషయం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఐదుగురు బాక్సర్లు వెళ్తే నలుగురు హర్యానాలోని భివానీలో తయారైనవాళ్ళే. తర్వాత పేరొచ్చిన బాక్సర్లలో నీతూ ఘంఘాస్ భివానీ, జాస్మిన్ భివానీ, అమిత్ పంఘల్, మీనాక్షి రోహ్‌తక్, స్వీటీ బూరా హిసార్. అన్నీ పక్కపక్క జిల్లాలు. ఇంతమంది ఒకే చోట నుంచి వస్తుంటే ఒంట్లో ఏదో ఉందనే కదా అర్థం? ఆ కోచ్ మాట కటువుగా ఉంది, కానీ పూర్తిగా అబద్ధం అని ఎలా అంటాం? ఆయన్ని నిజం చెప్పమన్నారు కాబట్టి అడుగుతున్నాను.

కాకినాడ ఫిజియో:
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. నేను పదేళ్ళుగా ఆటగాళ్ళకి ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఒంటి సంగతి నాకు తెలిసినంత చెప్తాను.

బాక్సింగ్‌లో బరువు తరగతులు పెట్టిందే ఒంటి తేడాని చెరిపేయడానికి. 54 కిలోల వాడు 54 కిలోల వాడితోనే కొట్లాడతాడు. కాబట్టి సగటున ఏ ప్రాంతం వాళ్ళు ఎత్తు, ఏ ప్రాంతం వాళ్ళు లావు అన్న లెక్క పెద్ద బరువుల్లోనే పనిచేస్తుంది. అన్నిటికంటే పెద్ద బరువులో ఆడే ఉజ్బెకిస్తాన్ జలోలోవ్ రెండు మీటర్ల మనిషి, టోక్యోలోనూ పారిస్‌లోనూ బంగారం అతనిదే. అలాంటి ఒళ్ళు మన దగ్గర వెతకడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ 48 నుంచి 63 కిలోల మధ్య మనకి పిల్లలు దొరకరని ఎవరంటారు?

అదే బరువులో ఎవరికి మేలు అంటే, ముందు చేతుల పొడవు. లంకరైతు గారూ, అబ్బాయిని గోడకి ఆనించి నిలబెట్టి రెండు చేతులూ బార చాపించి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా టేపు పెట్టండి. అది ఎత్తు కంటే ఎక్కువుంటే దూరం నుంచే జాబ్, అంటే ముందున్న చేత్తో సూటి దెబ్బ, కొట్టే వీలు ఉంటుంది. అసలు 54 కిలోలకి ఐదడుగుల ఏడంగుళాలంటే ఆ తరగతిలో పొడుగే. పొడుగు లేకపోయినా దారి ఉంది, పంఘల్ ఐదడుగుల రెండు మూడు అంగుళాల మనిషి, 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో అప్పటి ఒలింపిక్ ఛాంపియన్ దుస్మతోవ్‌ని ఓడించాడు. కాకపోతే పొట్టివాళ్ళు దగ్గరికి దూరి కొట్టడం నేర్చుకోవాలి, దానికి కాళ్ళు చాలా కష్టపడాలి.

మణికట్టు పట్టుకుని చూడటం గురించి. దెబ్బ బలం మణికట్టులో పుట్టదు. వెనక కాలు నేలని తన్నుతుంది, అది తుంటి తిప్పుతుంది, తుంటి భుజాన్ని తిప్పుతుంది, చెయ్యి చివర్న వస్తుంది. కొబ్బరి దింపు చేసేవాళ్ళని చూడండి, సన్నగా ఉంటారు, కానీ ఆ తుంటీ వీపూ ఎంత గట్టివో. మణికట్టు సన్నమైతే చెయ్యాల్సింది ఒకటే, బ్యాండేజీ సరిగ్గా చుట్టుకోవడం, పిడికిలి వంగకుండా కొట్టడం నేర్చుకోవడం.

తర్వాత ఊపిరి. పెద్దవాళ్ళ బౌట్ మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మధ్యలో ఒక్క నిమిషం విశ్రాంతి. చూసేవాళ్ళకి తొమ్మిది నిమిషాలే అనిపిస్తుంది. ఆ తొమ్మిది నిమిషాలూ గుండె దాదాపు దాని గరిష్ఠ వేగంలో కొట్టుకుంటుంది. మూడో రౌండ్‌లో చేతులు దించేసేవాడు ఎంత బలవంతుడైనా ఓడతాడు. ఇది పుట్టుకతో కొంత వస్తుంది, చాలా భాగం పరుగుతో, స్కిప్పింగ్‌తో, అన్నిటికంటే ప్రాణవాయువుని మోసే మంచి నెత్తురుతో వస్తుంది. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి హిమోగ్లోబిన్ 10 కూడా ఉండదు. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే చెప్తున్నాయి. ఒళ్ళు అడ్డం అంటే నేను ఒప్పుకునే ఒకే ఒక్క అడ్డం ఇదేనండి, ఇది మందుతో తిండితో పోయే అడ్డం. అబ్బాయికి కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

మాజీ హవల్దార్:
ఫిజియో గారు ఒంటి గురించి చెప్పారు కాబట్టి నేను హర్యానా గురించి చెప్తాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. మా ఊళ్ళో ఇంటికొకరు సైన్యంలో ఉంటారని పేరు. మరి మా ఊరి నేల మీద ప్రత్యేకమైన ఎముకలు మొలుస్తాయా? లేదు. తాత వెళ్ళాడు కాబట్టి నాన్న వెళ్ళాడు, నాన్న వెళ్ళాడు కాబట్టి నేను వెళ్ళాను. పదేళ్ళ పిల్లాడికి కూడా పొద్దున్నే పరుగెత్తడం ఎందుకో తెలుసు. భివానీలోనూ జరిగింది ఇదే. హవా సింగ్ అని సైన్యంలో పనిచేసిన హెవీవెయిట్, 1966లోనూ 1970లోనూ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చాడు, అతని వల్ల ఆ ప్రాంతానికి బాక్సింగ్ అంటుకుంది. 2003లో కోచ్ జగదీశ్ సింగ్ భివానీ బాక్సింగ్ క్లబ్ పెట్టాడు. ఐదేళ్ళకి ఆ క్లబ్బు కుర్రాడు విజేందర్ బీజింగ్‌లో కంచు పట్టుకొచ్చాడు. పతకం తెస్తే ప్రభుత్వం డబ్బూ ఉద్యోగం ఇస్తుందని అక్కడ ప్రతి రైతుకీ తెలుసు. పొలం పంచుకుంటే ఎకరమో రెండెకరాలో మిగిలే ఇంట్లో పిల్లాడికి పోలీసు ఉద్యోగం, సైన్యం ఉద్యోగం అంటే జీవితం కుదిరినట్టే. అందుకే వందలమంది రింగులోకి దిగుతారు, వందల్లో ఒకడు తేలతాడు. పాలకొల్లు తమ్ముడూ, నువ్వు చూసింది ఆ ఒకణ్ణి.

భీమవరం లెక్కలు:
హవల్దార్ గారు చెప్పినదానికి అంకెలు కలుపుతాను. భివానీ ఊరి జనాభా 2011లో రెండు లక్షలు కూడా లేదు. కాకినాడ, రాజమండ్రి రెండూ అంతకంటే పెద్దవి. ఇంకో అంకె చూడండి. పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు కలిపితే 2011 లెక్కల్లో 90 లక్షల పైచిలుకు. క్యూబా దేశం మొత్తం కోటికి కాస్త అటూ ఇటూ. అంటే మన రెండు జిల్లాలంత దేశం. వాళ్ళకి ఒలింపిక్ బాక్సింగ్‌లో 40కి పైగా బంగారు పతకాలున్నాయి. స్టీవెన్‌సన్ ఒక్కడే 1972, 76, 80 మూడు వరసగా కొట్టాడు, సావోన్ 1992, 96, 2000 మూడు కొట్టాడు.

జనాభా సరిపోతుంది. మరి తేడా ఎక్కడ? 1962లో అక్కడ ప్రొఫెషనల్ ఆటలు, అంటే డబ్బు కోసం ఆడేవి, రద్దు చేశారు. దాంతో మంచి బాక్సర్ డబ్బు కోసం ఇరవై ఏళ్ళకే వెళ్ళిపోయే దారి మూసుకుపోయింది, ముప్పై దాటేదాకా అమెచ్యూర్‌గానే ఉన్నాడు. అది ఆటగాడికి మంచా చెడా అన్నది వేరే చర్చ, ఎంతోమంది దేశం వదిలి పారిపోయారు కూడా. కానీ కింద నేర్చుకునే పిల్లాడి వైపు నుంచి చూడండి. వాడికి రోజూ ప్రపంచ ఛాంపియన్‌తో స్పారింగ్, అంటే ప్రాక్టీసు కొట్లాట. ఆ ఛాంపియన్ మానేశాక కోచ్ అవుతాడు. అక్కడ స్కూళ్ళలోనే పిల్లల్ని ఏరి ప్రత్యేక క్రీడా పాఠశాలలకి పంపిస్తారు.

ఇప్పుడు మన లెక్క. అమలాపురంలో ఒక క్లబ్బులో పాతికమంది పిల్లలున్నారనుకుందాం. పదేళ్ళ వాడి నుంచి పంతొమ్మిదేళ్ళ వాడి దాకా, 32 కిలోల నుంచి 75 కిలోల దాకా. ఇందులో పదిహేనేళ్ళు, 52 నుంచి 57 కిలోలు ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఇద్దరో, ఒక్కడో. లంకరైతు గారూ, మీవాడు రెండేళ్ళలో ఎంతమంది వేరువేరు పిల్లలతో స్పారింగ్ చేశాడో అడగండి. నా ఉద్దేశంలో ఎముక కంటే ఆ అంకె ముఖ్యం.

లంకరైతు:
అడిగానండి. ముగ్గురితో. అందులో ఒకడు వీడికంటే పన్నెండు కిలోలు ఎక్కువ, ఇంకొకడు ఏడో తరగతి. సమానమైనవాడు ఒక్కడే, ఆ అబ్బాయి వాళ్ళ కుటుంబం మస్కట్ వెళ్ళిపోయింది. మొన్న ఓడించిన అబ్బాయి గురించి కనుక్కుంటే వాళ్ళ ఊళ్ళో ఆ వయసువాళ్ళు పదిమంది పైన ఉన్నారట.

టేపు కూడా పెట్టానండి ఫిజియో గారూ. ఎత్తు 170 సెంటీమీటర్లు, చేతులు 177. రెండుసార్లు కొలిచాను. ఇంకో మాట, వాడిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు మా అమ్మ తిట్టి తిట్టి అన్నం కుడి చేత్తో తినడం అలవాటు చేసింది, రాత కూడా కుడి చేత్తోనే. గట్టిగా కొట్టాలంటే మాత్రం ఎడమ చెయ్యే లేస్తుంది. ఇక్కడ అందరిలాగే కుడిచేతి వాళ్ళ నిలువులోనే నిలబెడుతున్నారు. అది తప్పా?

నరసాపురం రింగ్:
అన్నయ్య గారూ, ఈ ఒక్క మాట ముందు చెప్పుంటే నేను అప్పుడే రాసేదాన్ని! నేను రాష్ట్రస్థాయిలో ఆరేళ్ళు ఆడాను, ఇప్పుడు నరసాపురంలో సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తున్నాను. పుర్రచేతి వాటం ఈ ఆటలో వరం. లోకంలో వందలో పదిమందికే ఎడంచేతి వాటం ఉంటుంది, అందుకే కుడిచేతి బాక్సర్‌కి వాళ్ళతో ఆడే అలవాటు ఉండదు. దెబ్బ వాడు అనుకోని వైపు నుంచి వస్తుంది, కాళ్ళు అడ్డం పడతాయి. పుర్రచేతి వాడికి మాత్రం రోజూ ఆడేది కుడిచేతి వాళ్ళతోనే కాబట్టి వాడికి ఆ ఇబ్బంది లేదు. పెద్ద పోటీల్లో పైకి వెళ్ళేకొద్దీ ఎడంచేతి వాళ్ళు ఎక్కువ కనబడతారు. 2008లో, 2012లో ఒలింపిక్ బంగారం కొట్టిన లోమచెంకో, 2012లో హెవీవెయిట్‌లో కొట్టిన ఉసిక్, ఫిజియో గారు చెప్పిన జలోలోవ్, ముగ్గురూ పుర్రచేతి వాళ్ళే. మీవాడిని కుడి కాలు, కుడి చెయ్యి ముందు పెట్టి, బలమైన ఎడమ చెయ్యి వెనక ఉంచి నిలబడమనండి. మొదట నెల రోజులు తడబడతాడు. ఓపిక పట్టండి.

కాకినాడ ఫిజియో:
170కి 177 అంటే చాలా మంచి కొలత. ఇంకోటి గట్టిగా చెప్తాను, ఎవరైనా వాడిని 52లోనో 50లోనో ఆడిస్తామని బరువు తగ్గించమంటే ఒప్పుకోవద్దు. నీళ్ళు తాగనివ్వకుండా, దుప్పటి కప్పి పరుగెత్తించి బరువు దించడం నేను కళ్ళారా చూశాను. పదిహేనేళ్ళు ఎదిగే వయసు. ఇంకా రెండేళ్ళు ఎత్తు పెరుగుతాడు, పద్దెనిమిదికి 60 కిలోల పైన ఉంటే అదే వాడి సహజమైన తరగతి. అదే వయసు తరగతిలో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా, ఆ వయసులో ఏడాదంటే భుజాలు, గొంతు, గడ్డం అన్నీ మారిపోతాయి. మీవాడు ఏ నెల?

లంకరైతు:
నవంబరండి. కార్తీక మాసంలో.

కాకినాడ ఫిజియో:
చూశారా. ఓడించినవాడు ఎప్పుడు పుట్టాడో తెలియదు గానీ, మీవాడు ఆ తరగతిలో చిన్నవాళ్ళలో చిన్నవాడు. ఇప్పుడు ఓడిపోవడాన్ని ఒంటి లోపం కింద లెక్క కట్టకండి.

పాలకొల్లు కుర్రాడు:
నేను కొంత మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మన తెలుగువాళ్ళ సంగతి ఒకటి చెప్పండి. అవకాశాలే కారణమైతే మన దగ్గర ఎక్కడైనా అలా జరిగిందా?

మాజీ హవల్దార్:
జరిగింది తమ్ముడూ, నిజామాబాద్‌లో. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. అదే 2023లో మగవాళ్ళ ప్రపంచ పోటీల్లో 57 కిలోల్లో కంచు తెచ్చిన హుసాముద్దీన్ కూడా నిజామాబాదే, సైన్యంలో పనిచేస్తాడు. వాళ్ళ నాన్న షంసముద్దీన్ గారే ఆ ఊళ్ళో బాక్సింగ్ కోచ్, నిఖత్ మొదట నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఒక ఊరు, ఊరు వదలని ఒక మాస్టారు. అక్కడ నేర్చుకునే రోజుల్లో తనతో ఆడే ఆడపిల్లలు లేక మగపిల్లలతో స్పారింగ్ చేసింది. తర్వాత విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ. ఆ విశాఖ నుంచే నాగిశెట్టి ఉష ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. కాకినాడ నుంచి విశాఖ ఎంత దూరం?

నరసాపురం రింగ్:
నిఖత్ గురించి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి, ఇది ఎవరూ మాట్లాడరు. ఆమె 52 కిలోల్లో గెలిచింది, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఆ బరువే లేదు. ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళకి అప్పట్లో 12 తరగతులుంటే పారిస్‌లో ఆరే పెట్టారు, 50తో మొదలు. మగవాళ్ళకి రియోలో పది తరగతులుండేవి, 49 నుంచి. పారిస్‌కి వచ్చేసరికి ఏడు, 51 నుంచి. తరగతులు తగ్గించేకొద్దీ చిన్న ఒళ్ళు ఉన్న దేశాలకి నష్టం. నీతూ 48లో ప్రపంచ ఛాంపియన్ అయింది, ఒలింపిక్స్‌లో ఆమెకి చోటే లేదు. మన పిల్లలు ఎక్కువమంది ఉండేది ఆ చిన్న బరువుల్లోనే కదా. ఒళ్ళు తక్కువ అని మనల్ని అనే ముందు, ఏ ఒళ్ళకి చోటు పెట్టారో కూడా చూడాలి.

పీఈటీ మాస్టారు:
అందరూ బాగా చెప్పారు. కానీ నన్ను ముప్పై ఏళ్ళు కాల్చిన విషయం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. నేను కబడ్డీ, బరువులెత్తడం, బాక్సింగ్ మూడూ నేర్పాను. ఎనిమిదిలో నలభైమంది వస్తారు, తొమ్మిదిలో పాతికమంది, పదిలో సంక్రాంతి దాటితే గ్రౌండ్ ఖాళీ. పది అయిపోగానే ఇంటర్‌కి విజయవాడో, ఇంకెక్కడో హాస్టల్ కాలేజీ. పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా చదువు, వరండాలో నడవడానికి కూడా టైము ఉండదు. సరిగ్గా పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. బాక్సర్‌కి బలం దిగేది, దెబ్బకి బరువు వచ్చేది ఆ మూడేళ్ళలోనే. హర్యానా పిల్లాడు ఆ మూడేళ్ళూ రింగులో ఉంటాడు, మన పిల్లాడు కుర్చీలో ఉంటాడు. ఇరవై ఏళ్ళకి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, గోదావరి వాళ్ళకి ఎముక సన్నం అంటున్నారు!

మన ఒంట్లో ఏమీ లేకపోతే అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ ఎక్కడి నుంచి వచ్చాడు? ఆరడుగుల మనిషి, 2023లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. వాళ్ళ నాన్నగారూ నాలాగే పీఈటీ. పద్నాలుగేళ్ళకి అటూ ఇటూలో కొడుకుని హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి పంపించారు, హాస్టల్ కాలేజీకి కాదు. అందరూ అలా పంపించాలని నేను అనను, పేదింట్లో చదువే భరోసా. కానీ రోజుకి రెండు గంటలు వదిలే కాలేజీ కావాలని అడగండి, అడిగితేనే ఇస్తారు. నేను ఆ రెండు గంటల కోసం ఎంతమంది ప్రిన్సిపాళ్ళ ముందు నిలబడ్డానో లెక్కలేదు.

లంకరైతు:
మాస్టారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. వచ్చే ఏడు వీడి పది. మేం కూడా విజయవాడ కాలేజీకే అనుకున్నాం, అడ్వాన్సు కూడా అడిగారు. ఇప్పుడు అమలాపురంలోనే ఇంటర్ చదివిద్దామనుకుంటున్నాం. మా బావమరిది ఒప్పుకోవడం లేదు, చూడాలి.

భీమవరం లెక్కలు:
నాదో ప్రతిపాదన. అమలాపురం, నరసాపురం, భీమవరం, పాలకొల్లు, కాకినాడ ఎక్కడికక్కడ పదీ ఇరవైమంది పిల్లలు. విడివిడిగా ఎవరికీ సమానమైన జోడీ దొరకడు. నెలకి రెండు ఆదివారాలు అందరూ ఒకచోట చేరితే 54 కిలోల వాడికి ఐదారుగురు దొరుకుతారు. పోటీ కాదు, గెలుపోటములు రాయొద్దు, ఒట్టి స్పారింగ్. బరువు తూకం, వయసు రుజువు చూసి జోడీలు కట్టే పని నేను చేస్తాను. భీమవరం నుంచి పదకొండు మంది వస్తారు, వాళ్ళ కోచ్‌తో మాట్లాడాను.

నరసాపురం రింగ్:
మా దగ్గర రింగు ఉంది, తాళ్ళు పాతవే కానీ గట్టిగా ఉన్నాయి. నా పిల్లల్లో 52 కిలోల వాడొకడు, 55 వాడొకడు, 57 వాళ్ళిద్దరు. ఒకమ్మాయి 54, పదహారేళ్ళు, ఆమెకి సమానమైన ఆడపిల్ల ఎవరైనా ఉంటే దయచేసి పంపండి, రెండేళ్ళుగా మగపిల్లలతోనే ఆడుతోంది.

కాకినాడ ఫిజియో:
నేను వస్తాను. హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ లేకుండా ఒక్కరు కూడా రింగెక్కకూడదు. పిల్లలకి రెండు నిమిషాల రౌండ్లే. తల మీద గట్టి దెబ్బ తగిలి కళ్ళు తిరిగినవాడు ఆ రోజుకి దిగిపోవాలి, ఆ తర్వాత డాక్టరు చెప్పేదాకా స్పారింగ్ లేదు. ఇది ఒప్పుకుంటేనే. 54 కిలోల అమ్మాయి మా వైపు ఒకామె ఉంది, తీసుకొస్తాను. రక్తపరీక్ష కిట్ కూడా తెస్తాను.

లంకరైతు:
తప్పకుండా తీసుకొస్తానండి. గ్లవ్స్ వాడివి పది ఔన్సులవి ఉన్నాయి, సరిపోతాయా? సఖినేటిపల్లి రేవులో పొద్దున్న మొదటి పంటు ఎన్నింటికి?

పాలకొల్లు కుర్రాడు:
పంటు కోసం ఆగకండి, నీళ్ళు ఎక్కువుంటే ఆపేస్తారు. రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చేయండి, బస్టాండు దగ్గర నేను బండితో ఉంటాను.

నరసాపురం రింగ్:
స్పారింగ్‌కి పది ఔన్సులు వద్దు, 14 ఔన్సులవి నా దగ్గర రెండు జతలున్నాయి, ఇస్తాను. పొద్దున్న ఇడ్లీ తినిపించి తీసుకురండి, ఖాళీ కడుపుతో కాదు.